చర్మం మూసుకున్న తరువాత

మార్చి 9

పుట్టిన ఎనిమిదో రోజు నామకరణం అయిపోయింది. పిలిచింది నలభై మందిని, వచ్చింది అరవై ఒక్కరు. ఎక్కువైన ఇరవై ఒక్కరిలో పంతొమ్మిది మంది వియ్యపురాలి తరఫువాళ్ళు. అన్నం చాలింది, కోడిమాంసం చాలలేదు. పొద్దున స్నానానికి ముందు పిల్లవాడి బరువు మూడు కిలోల వంద గ్రాములు.

మా బావగారు బాబా అగ్బాజె దగ్గరుండి జరిపించారు. నీళ్ళు, ఉప్పు, తేనె, కోలా గింజ వరసగా పసివాడి పెదవులకు తాకించారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ నీళ్ళ గిన్నెలో వేళ్ళు ముంచి ఒక్కో పేరు పెట్టారు. నేను అకొరెదె అని పెట్టాను. మంచిని మోసుకొచ్చినవాడు. నా కొడుకు లాదిపోకు నచ్చింది. కోడలు ఆదున్ని అలసిపోయి ఉంది.

తరువాత ఒకటి జరిగింది. లాదిపో మేనత్త పిల్లవాణ్ణి ఒళ్ళో బోర్లా వేసుకుని, నడుము కింద ఉన్న గడ్డను అందరికీ చూపించింది. నిమ్మకాయంత ఉంటుంది, మెత్తగా.

"ఇదేంటే ఆదున్నీ, వీడికి వెనకాల మూట కట్టి మరీ పంపావు?" అంది.

ఎవరూ నవ్వలేదు. కాన్పు చేసిన నర్సు కూడా దాన్ని పెద్ద డాక్టరుకు చూపించమని చెప్పింది. ఆ సంగతి అప్పటికే అందరికీ పాకింది. అందరూ నా వైపు చూశారు. నీళ్ళ గిన్నె నా ముందే ఉంది. అందులో చెయ్యి పెట్టి చెప్పాను.

"ఈ బిడ్డకు ఏ లోపమూ లేదు. చర్మం చక్కగా మూసుకుని ఉంది. లోపల ఉన్నది ఒట్టి కొవ్వు. వెన్ను ఎలా తయారవుతుందో ముప్పై ఒక్క ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, నాకు తెలియదా?"

"అషే!" అన్నారందరూ ఒక్కసారిగా. అలాగే జరుగుగాక అని. బాబా అగ్బాజె గిన్నె పైకెత్తి, "ప్రొఫెసర్ నీళ్ళ మీద చెప్పింది. ఇక దీని గురించి ఎవ్వరూ నోరెత్తకండి" అన్నారు.

డప్పులు మొదలయ్యాయి. చెప్పవలసింది చెప్పాను.

మార్చి 11

పుట్టిన రోజునుంచి నలభై రోజులు లాదిపో ఇంట్లో, ఈ మూడో అంతస్తులోనే ఉండాలి. తల్లీబిడ్డలు గడప దాటకూడదు, వాళ్ళను చూసుకునే పెద్దదీ దాటకూడదు. యాబాలో నా ఇల్లు తాళం వేసి ఉంది. నా మైక్రోస్కోపు మీద ఈపాటికి దుమ్ము ఎంత పేరుకుందో. ఇక్కడ నా మంచానికీ పిల్లవాడి మంచానికీ మధ్య మూరెడు కూడా సందు లేదు. కిటికీ తీస్తే పక్క భవనం గోడ.

ఆచారం ప్రకారం స్నానం చేయించవలసింది కోడలి తల్లి. కానీ ఆ తల్లికి, ఇయా ఆదున్నికి, సరస్సు ఒడ్డున చేపలు పొగబెట్టే పొయ్యిలు పన్నెండు ఉన్నాయి, ఇది చేపల కాలం. అందుకని పొద్దున్నే వచ్చి, అరగంట నాతో పోట్లాడి, పొగ వాసన ఇంట్లో వదిలి వెళ్ళిపోతుంది.

ఇవాళ ఒంటికి రాసే షియా వెన్న డబ్బా తెచ్చింది.

"ఆదున్ని పుట్టినప్పుడు దీని తల పొడుగ్గా బొప్పాయిలా ఉండేది. నేను ఒత్తి ఒత్తి ఈ రూపానికి తెచ్చాను. ఈ గడ్డెంత? పది రోజులు వెన్న రాసి ఒత్తితే కనపడకుండా పోతుంది."

"ఒత్తడానికి వీల్లేదు."

"కొవ్వే అన్నావుగా ప్రొఫెసర్?"

"కొవ్వే."

"మరి కొవ్వునొత్తితే నీకేం పోయింది?"

"నాకు ఇష్టం లేదు."

"హా! నీ ఇష్టానికి నలభై రోజులు, నా ఇష్టానికి అరగంటా!"

డబ్బా అక్కడే పెట్టి వెళ్ళింది. ఇష్టం లేకపోవడం కారణం కాదని విద్యార్థులకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. డబ్బాను బీరువా పైన, ఎవరికీ అందనంత ఎత్తులో పెట్టాను.

మార్చి 13

నీళ్ళు సరిపడా వేడి. ఏడుపు గట్టిగా ఉంది. కుడికాలు చాలా చురుకు.

మార్చి 16

ఆదున్ని పాలిస్తూ అంది, "మమ్మీ, వీడి ఎడమ పాదం ఎప్పుడూ చల్లగా ఉంటోంది."

"మేజోడు తొడుగు."

"తొడిగాను. అయినా చల్లగానే ఉంది. కుడిది వెచ్చగా ఉంది."

"పసిపిల్లలకు రక్తం కాళ్ళదాకా పోవడానికి సమయం పడుతుంది. నువ్వు పిల్లవాడి పాదాలు లెక్కపెట్టడం మాని కాస్త ఓగి జావ తాగు. పాలు పడతాయి."

తాగింది. పెదవులకు రంగులూ కనుబొమలకు పెన్సిళ్ళూ అమ్మే దుకాణం నడిపే అమ్మాయి. ఇప్పుడు పాదాల వేడి మీద కూడా అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

మార్చి 19

కాలేజీ పిల్లల పుస్తకానికి నా అధ్యాయం ఏప్రిల్ నెలాఖరుకు ఇవ్వాలి. ఇవాళ ఒక పేజీ రాశాను. వెన్నుపాముగా మారే నరాల గొట్టం అసలు ఎక్కడినుంచి వచ్చింది అన్నది ప్రశ్న.

బురదలో బతికే బెలనోగ్లాసస్ పురుగుకు నరాలు చర్మంలోనే పరుచుకుని ఉంటాయి. మెడ దగ్గర మాత్రం కాస్త చర్మం లోపలికి ముడుచుకుని బోలుగా మారుతుంది. రాళ్ళకు అంటుకుని బతికే సముద్రపు తిత్తికి పిల్లగా ఉన్నన్నాళ్ళూ తోకలో గొట్టం ఉంటుంది. రాతికి తల అంటించుకున్నాక తోకా పోతుంది, గొట్టమూ చాలావరకు పోతుంది. మన సరస్సు ఇసుకలో దొరికే ఆంఫియాక్సస్, వేలెడంత ఉండదు, ఎముక లేదు, పుర్రె లేదు. కానీ వీపు పొడవునా గొట్టం జీవితాంతం ఉంటుంది. మనకు లాగే. వీటన్నిటికీ మూలమైన జీవికి గొట్టం ఉండేదా, ఒట్టి చర్మపు నరాలే ఉండేవా అన్నది ఇంకా తేలలేదు. తేలనిదాన్ని తేలలేదనే రాయాలి.

తేలింది ఒక్కటే. నరం అంటే లోపలికి వెళ్ళిన చర్మం. ఒకే పొర. ఒక భాగం బయట ఉండి ఒళ్ళైంది, ఒక భాగం లోపలికి దిగి బుద్ధైంది.

ఈ వాక్యం బాగుంది. ఉంచుతాను. కరెంటు పోయింది.

మార్చి 22

స్నానం మధ్యలో జనరేటర్ ఆగిపోయింది. స్నానాల గదికి కిటికీ లేదు, కనిపించక చన్నీళ్ళు తక్కువ కలిపినట్టున్నాను. ముందు ఎడమకాలి మీద పోశాను. నా ముఖంలోకి చూస్తూ ఊరకే ఉన్నాడు. తరువాత కుడికాలి మీద పోయగానే మోకాలు పొట్టకు లాక్కుని భవనం అదిరేలా ఏడ్చాడు. మోచెయ్యి ముంచి చూస్తే నాకే చురుక్కుమంది.

ఎడమకాలి మీద పోసినప్పుడు ఏడవలేదు. ఓర్పు గల పిల్లవాడు. వాళ్ళ తాత కూడా అంతే.

మార్చి 23

ఎడమ పాదం మీద చిక్కుడు గింజంత పొక్కు.

"ఇదేంటి మమ్మీ?" అంది ఆదున్ని.

"చీమ కుట్టింది."

"చీమ కుడితే వీడు ఏడవలేదేం?"

"ఏడ్చాడు. నువ్వు నిద్రపోతున్నావు."

మార్చి 24

వంద గ్రాములు పెరిగాడు.

మార్చి 26

పొక్కు చితికింది. తేనె రాశాను.

ఏప్రిల్ 1

నా పాత విద్యార్థిని ఎబియెరె వచ్చింది. ఇప్పుడు తనే పాఠాలు చెబుతోంది. బూట్ల నిండా బురద. బయటే విప్పించాను.

ఈ ఏడాది వాన తొందరపడుతోందట. సరస్సులో ఉప్పు అప్పుడే తగ్గడం మొదలైందట. ఉన్న ఆంఫియాక్సస్‌ల నుంచి గుడ్లు తీసి, అరగంటకొక పిండాన్ని సన్నగా కోసి, ఫొటోలు తీసి తెచ్చింది. కంప్యూటరు నా మంచం మీద పెట్టి, తను నేల మీద కూర్చుంది. పిల్లవాడు నా ఒళ్ళో నిద్రపోతున్నాడు.

"మేడమ్, ఒకచోట దెబ్బతిన్నాను. ఇదిగో, ఈ పిండం. పైనుంచి చూస్తే వీపు నున్నగా ఉంది. గొట్టం మూసుకుందని రాసేసుకున్నాను. కోసి చూస్తే కింద గొట్టం కావలసిన నరాల పలక ఇంకా పలకలాగే ఉంది. చుట్టుకోనే లేదు. నా కోత తప్పా?"

"కోత తప్పు కాదు. నీ తొందర తప్పు. రెండో ఏడు పాఠం మరిచిపోయావా? కప్పలో, కోడిలో, మనిషిలో పలక అంచులు లేచి ఒకదానితో ఒకటి కలుస్తాయి, గొట్టమూ చర్మమూ ఇంచుమించు ఒకేసారి మూసుకుంటాయి. ఆంఫియాక్సస్‌లో అలా కాదు. చర్మం ముందే పలకనుంచి విడిపోయి, రెండు పక్కలనుంచీ పాకి వచ్చి దాన్ని కప్పేస్తుంది. గొట్టం చుట్టుకోవడం తరువాత, ఆ కింద, మెల్లగా. అందుకని పైన చర్మం మూసుకుంది కదా అని లోపల..."

ఆగిపోయాను.

"లోపల?" అంది ఎబియెరె, పెన్ను పట్టుకుని.

"టీ తాగుతావా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "పదకొండేళ్ళలో మీరు నన్ను టీ అడగడం ఇదే మొదలు మేడమ్. నాకేమైనా పెద్ద జబ్బు చేసిందా, నిజం చెప్పండి."

ఆదున్ని వంటింట్లోంచి నవ్వింది. నేను కూడా నవ్వాను. టీ తాగి వెళ్ళింది. చక్కెర మూడు చెంచాలు వేసుకుంది.

ఏప్రిల్ 2

మూసుకున్న చర్మం ఏమీ చెప్పదు.

ఏప్రిల్ 3

మధ్యాహ్నం పిల్లవాడు నిద్రపోతుండగా దువ్వెన పన్నుతో గీసి చూశాను.

కుడి అరికాలు: వేళ్ళు విచ్చుకున్నాయి, కాలు లాక్కున్నాడు. ఎడమ అరికాలు: ఏమీ లేదు. పైపాదం: ఏమీ లేదు. చీలమండ: లేదు. పిక్క: ఉంది, కొంచెం.

మూడుసార్లు చూశాను. నిద్రలో చూసింది లెక్కకు రాదు. మెలకువగా ఉన్నప్పుడు చూడాలి.

ఏప్రిల్ 4

మెలకువగా ఉన్నప్పుడూ అంతే.

ఏప్రిల్ 6

మనిషిలో కూడా ఒక్కోసారి అలా జరుగుతుంది. చర్మం తొందరపడి వెన్నుపాము నుంచి విడిపోతుంది, అడుగున ఉన్న కొవ్వు గొట్టం చీలికలోకి దిగి అతుక్కుంటుంది, పైన చర్మం ఏమీ ఎరగనట్టు మూసుకుంటుంది. ఇది నేను నాలుగో ఏడు పిల్లలకు ఒక గంట పాఠంగా చెప్పేదాన్ని. బొమ్మ కూడా గీసేదాన్ని.

ఇప్పుడు ఎవరితో చెప్పను? నేను చెప్పింది మామూలు మాటగా చెప్పలేదు. నామకరణం నీళ్ళలో చెయ్యి పెట్టి చెప్పాను. అరవై ఒక్కరు అషే అన్నారు. నీళ్ళ మీద అన్న దీవెనను వెనక్కి తీసుకుంటే అది బిడ్డకు శాపం కింద లెక్క. నేను నమ్మను. నా మాట వినవలసిన వాళ్ళు నమ్ముతారు. పైగా లోపం అనగానే అందరి వేళ్ళూ ఆదున్ని కడుపు వైపు తిరుగుతాయి. మూట కట్టి పంపావు అన్న నోరు ఇంకా ఏమంటుందో నాకు తెలుసు. నలభై రోజులు నిండితే గానీ ఎలాగూ గడప దాటకూడదు.

ఇవి కారణాలు. ఇంకొకటి ఉంది. అది రాయను.

ఏప్రిల్ 8

మూడు రోజులుగా వాన. వీధి మోకాలి లోతు. కాపలావాడు గేటుకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టి మూసేశాడు. మంచిదే. వెళ్ళలేనప్పుడు వెళ్ళాలా అన్న ప్రశ్నే లేదు.

పొద్దుటినుంచి సరస్సు ఇసుకే గుర్తుకొస్తోంది. ఎండలకాలంలో సముద్రపు పోటుతో ఆంఫియాక్సస్ పిల్లలు లోపలికి కొట్టుకొస్తాయి. నచ్చిన ఇసుక దొరకగానే దిగబడి, తల మాత్రం బయటపెట్టి బతుకుతాయి. వానలు పడి నీళ్ళు చప్పబడితే ఒక్కటీ మిగలదు. ఏటా అంతే. వచ్చిన దారి తెరిచే ఉంటుంది, సముద్రం ఎక్కడికీ పోదు. ఇవే లేచి వెళ్ళవు.

అధ్యాయం ముందుకు సాగలేదు. "నరం అంటే లోపలికి వెళ్ళిన చర్మం" అన్న వాక్యం కొట్టేశాను. తప్పని కాదు. చూడలేక.

ఏప్రిల్ 11

నిన్నటితో నలభై నిండాయి. ఇవాళ బాబా అగ్బాజె నీళ్ళలో తడుస్తూ వచ్చారు, యామ్ దుంపలు మోయించుకుని. తిండి అయ్యాక చెప్పాను. బావగారూ లాదిపో సోఫాలో, నేను ఎదురుగా. గడ్డ ఒట్టి కొవ్వు కాకపోవచ్చు, స్కాన్ తీయించాలి, ఎడమ పాదంలో స్పర్శ లేదు అన్నాను. స్పష్టంగా, వరసలో చెప్పాను.

లాదిపో నా ముఖంలోకి చూడలేదు. "ఏ మమ్మీని నమ్మమంటావు? ఆ రోజు మమ్మీనా, ఈ రోజు మమ్మీనా?"

"ఈ రోజు."

"ఆ రోజు కూడా నువ్వు ఇంతే గట్టిగా చెప్పావు. ఇదే గొంతుతో."

బాబా గిన్నెలో చేతులు కడుక్కుంటూ అన్నారు, "చూడు ప్రొఫెసర్. నీళ్ళ మీద దీవెన పెట్టావు. అరవై మంది అషే అన్నారు. బిడ్డకు నలభై నిండగానే వచ్చి దాన్ని లాక్కుంటావా? ఏ నానమ్మైనా చేసే పనేనా ఇది?"

"నేను అన్నది దీవెన కాదు బావగారూ. రోగం లేదని చెప్పడం."

"మేం విన్నది దీవెన. నిద్ర చాలక నీకు అన్నీ పెద్దవిగా కనిపిస్తున్నాయి. ఏడు పదులు దాటావు, ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకో. వానలు తగ్గనీ, మూడో నెల రానీ, అప్పుడు చూద్దాం."

వాళ్ళ నాన్న పోయినప్పటినుంచి లాదిపోకు బాబా మాటే మాట.

నేను "సరే" అన్నాను.

తల ఎత్తితే గుమ్మంలో ఆదున్ని నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో.

ఏప్రిల్ 13. ఆసుపత్రి నడవాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నిన్నటి సంగతి వరసగా రాస్తాను.

లాదిపో బ్యాంకుకు వెళ్ళిపోయాడు. నేను స్నానానికి నీళ్ళు కాస్తున్నాను. ఆదున్ని లోపలికి వచ్చి స్టవ్ ఆపేసింది. నా ఎదుట ఇంతకుముందెప్పుడూ అలా చెయ్యలేదు.

"చీమ కుట్టిందన్నారు."

ఆమెతో చెప్పడానికి రెండు వాక్యాలు సిద్ధం చేసుకుని ఉన్నాను. రెండూ గుర్తుకు రాలేదు. "నీళ్ళు కాలాయి. నేనే పోశాను" అన్నాను.

"వాడికి తెలియలేదు కదూ?"

"తెలియలేదు."

"నాకు తెలుసు మమ్మీ. పుట్టిన రెండో వారంనుంచి తెలుసు. ఆ పాదం గుప్పిట్లో పెట్టుకునే పడుకుంటున్నాను, వేడెక్కుతుందేమోనని. పిన్నీసుతో కూడా గుచ్చి చూశాను. కన్నతల్లిని, పిన్నీసుతో గుచ్చాను." ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువయ్యేది. "నేను చెబితే ఎవరు వింటారు? పెదాల రంగులు అమ్ముకునేదాన్ని. మీరు చదువుకున్నవాళ్ళు, మీరే చూస్తారు, మీరే చెబుతారని ఎదురుచూశాను. నిన్న చెప్పారు. ఆయన ఒక్క మాట అనగానే సరే అన్నారు. సరే ఏంటి మమ్మీ? ఎవరి కాలు అది?"

"రేపు పొద్దున్నే వెళ్దాం."

"రేపెందుకు?"

నిజమే. ఎందుకు?

పిల్లవాణ్ణి వీపుకు కట్టుకోకుండా, గడ్డ మీద ఏదీ ఒత్తుకోకుండా, భుజాన వేసుకుంది. నేను గొడుగు పట్టాను. మెట్లు దిగడానికి నా మోకాళ్ళు చాలాసేపు తీసుకున్నాయి. కింద కాపలావాడు బస్తాల మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నాడు.

"గేటు తీయకూడదు మేడమ్. లాదిపో ఓగా తను వెళ్ళాక మళ్ళీ ఎవరికీ తీయొద్దన్నారు."

"మీ ఓగాను కన్నది నేను. బస్తాలు తియ్యి."

"నీళ్ళు లోపలికొస్తాయి మేడమ్..."

"రానీ. ఈ నీళ్ళకు నేను సమాధానం చెప్పుకుంటాను."

తీశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు తరగతి గదిలో వాడిన గొంతు ఇంకా పనికొస్తోంది. మోకాలి లోతు నీళ్ళలో రోడ్డుదాకా నడిచాం. పసుపు బస్సు వాడు మా అవతారం చూసి ముందు సీటు ఖాళీ చేయించాడు.

స్కాన్ చేసింది డాక్టర్ ఒసారో, నా విద్యార్థుల వయసు. గడ్డలోని కొవ్వు కింద ఎముక చీలికలోంచి దిగి వెన్నుపామును అంటుకుని ఉందట. "పిల్లవాడు పెరిగేకొద్దీ వెన్నుపాము కొస పైకి జరగాలమ్మా. వీడిది కింద కట్టేసి ఉంది. జరగలేదు. సాగుతోంది" అంది. తెర మీద నేనూ చూశాను. నా బొమ్మల్లో గీసినట్టే ఉంది.

ఆపరేషన్ చేసి విడిపించాలి. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని చెప్పలేరు. ఉన్నది పోకుండా ఆపవచ్చు. కుడికాలు, మూత్రం, ఇవన్నీ ఇంకా బాగున్నాయి.

"నెల రోజుల ముందు తెచ్చి ఉంటే?" అని అడిగాను.

"చెప్పలేమమ్మా."

చెప్పలేమంది. లేదని అనలేదు.

మధ్యాహ్నానికి లాదిపో వచ్చాడు, బ్యాంకు చొక్కా నడుందాకా తడిసిపోయి. అరవడానికే వచ్చాడు. ఆదున్ని వాడి వేలు పట్టుకుని కొడుకు కుడి అరికాలి మీద గీయించింది, తరువాత ఎడమ అరికాలి మీద. వాడు రెండోసారి తనంతట తనే గీశాడు. మూడోసారి కూడా. అరవలేదు.

ఇవాళ పొద్దున బాబా అగ్బాజెకు ఫోన్ చేశాను. "నీళ్ళ మీద నేను అన్న మాట తప్పు. అది దీవెన కాదు, నా గొప్ప చెప్పుకోవడం. అది విన్నవాళ్ళందరికీ ఈ మాట చెప్పండి" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. మిగతా వాళ్ళకు నేనే చేస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు మంది అయ్యారు.

ఏప్రిల్ 20

ఆపరేషన్ వచ్చే నెల ఇరవయ్యిన. ఇంకా కాస్త బరువు పెరగాలట. స్నానం ఇప్పుడు ఆదున్ని చేయిస్తోంది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడతాను.

మే 6

ఎబియెరె కబురు పంపింది. నాలుగు చోట్ల ఇసుక జల్లెడ పట్టిందట. ఒక్క ఆంఫియాక్సస్ కూడా ప్రాణంతో లేదు. వచ్చే ఎండలకాలం దాకా ఆగాలి.

అధ్యాయం గడువు దాటిపోయింది. ఇన్నేళ్ళలో నేను గడువు దాటడం ఇదే మొదలు. సంపాదకుడు మర్యాదగా గుర్తుచేశాడు. మర్యాదగా జవాబు రాయలేదు.

మే 19

రేపే. వార్డులో పిల్లవాడి పక్కన ఆదున్ని ఉంది. బయట బల్ల మీద నేనూ ఇయా ఆదున్నీ. పొగ చేప, మిరియాల పులుసు డబ్బా తెచ్చింది. చుట్టుపక్కల ఉన్న పేషెంట్ల బంధువులందరికీ పంచింది, నాకు చివర పెట్టింది.

"తిను. నువ్వు మాడితే వాడి నరం విడిపోతుందా?"

తిన్నాను.

"ప్రొఫెసర్, ఒకటడుగుతాను. ఆ రోజు నేను వెన్న రాసి ఒత్తి ఉంటే ఏమయ్యేది?"

"ఒత్తలేదుగా."

"నువ్వే ఒత్తనివ్వలేదు. బీరువా పైన దాచావు కూడా. కొవ్వు అంటూనే దాచావు." చేప ముల్లు తీసి కాగితంలో పెట్టింది. "అంటే నీకు అప్పుడే తెలుసు."

ఆమె గొంతులో కోపం లేదు.

ఏప్రిల్ ఆరున రాయను అన్నది ఇదే.

మే 20

ఆరున్నర గంటలు పట్టింది. విడిపించారు. ఊపిరి బాగుంది.

మే 21

బోర్లానే ఉంచాలి. ఎత్తుకోకూడదు. తిప్పకూడదు. కుట్ల దగ్గర వెన్ను లోపలి నీరు కారకుండా కొన్నాళ్ళు తల కంటే నడుము ఎత్తుగా ఉండాలి. పసివాడు ఒప్పుకోడు, తన్నుకుంటాడు. కుడికాలు మునుపటిలాగే తంతోంది. ఎడమది తుంటి దగ్గర కదులుతోంది. పాదం కదలడం లేదు.

బాబా అగ్బాజె రాలేదు. లాదిపో మేనత్త వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, కళ్ళు తుడుచుకుని, నారింజ పళ్ళు ఇచ్చి వెళ్ళింది. పన్నెండు.

మే 23

ఆదున్ని మూడు రోజులుగా పడుకోలేదు. పిల్లవాడి తుంటి మీద ఒక చెయ్యి, భుజం మీద ఒక చెయ్యి వేసి, మంచం మీదికి వంగి కూర్చునే ఉంది. చేతులు తీస్తే వాడు పక్కకు దొర్లబోతాడు. నర్సులు ఇద్దరే, పడకలు పద్దెనిమిది.

"నేను పట్టుకుంటాను. నువ్వు గంట పడుకో" అన్నాను.

నా వైపు చూసింది. ఇస్తుందో ఇవ్వదో తెలియలేదు. పసిపిల్లల్ని పట్టుకోవడం నాకు తెలుసు, ముగ్గుర్ని పెంచాను, ఎంతోమంది పిల్లల్ని బతికుండగానూ చచ్చాకనూ చేతుల్లో పట్టుకుని చూశాను అని అనబోయాను. అనలేదు.

"ఎక్కడ పట్టుకోవాలి?" అని అడిగాను.

నా రెండు చేతులూ తీసుకుని తనే పెట్టింది. ఎడమ చెయ్యి భుజాల మధ్య, కుడి చెయ్యి తుంటి పక్కన, కట్టుకు నాలుగు వేళ్ళ దూరంలో. నా బొటనవేలు ఎక్కువ ఒత్తుతోందని దాన్ని కాస్త పైకి లేపింది. మళ్ళీ చూసింది. ఇంకొంచెం లేపింది.

"ఇలాగే. నేను లేచేదాకా కదలకండి మమ్మీ. ముక్కు దురద పెట్టినా సరే."

గోడకు తల ఆనించగానే నిద్రపోయింది. గంట అన్నాను, మూడు గంటలు పడుకుంది. నడుము పట్టేసింది, మోకాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయో లేవో కూడా తెలియలేదు, ఒకసారి నర్సు వచ్చి కుర్చీ జరపమంది. కదలలేదు.